ఆఫీసరొస్తే ఎరుపు

"రేపు ఆఫీసరు గారొచ్చేసరికి ఈ గుంటలో నీళ్ళు తెల్లగా ఉండాలండీ. లేకపోతే షెడ్డుకి తాళమే," అన్నాడు వెంకటకృష్ణారావు.

"ఉంటాయండీ. నాదీ పూచీ," అన్నాడు కృపానందం.

వెంకటకృష్ణారావుకి హనుమాన్ జంక్షన్ అవతల కాలవగట్టున, ఇంటి పెరట్లోనే, నూలుకి రంగులేసే షెడ్డు ఉంది. లుంగీల ఎరుపుకి పెట్టింది పేరు. లుంగీకి అంటగా మిగిలిన ఎరుపు తిన్నగా కాలవలోకి పోయేది. దిగువన చేపలు పట్టుకునే పేరమ్మ వలలు ఎర్రబడ్డాయి. ఆమె చేపల్ని బజార్లో 'పెళ్ళికూతుళ్ళు' అని వెక్కిరించేవాళ్ళే గాని కొనేవాళ్ళు లేకపోయారు. పేరమ్మ నోరు మూసుకు కూర్చునే రకం కాదు. అర్జీ పెట్టింది. నీళ్ళ కాలుష్యం మీద చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. ఆఫీసులో కదలిక వచ్చింది.

భయపడిపోయిన వెంకటకృష్ణారావు విజయవాడ వెళ్ళి, గవర్నర్‌పేటలో ఉండే కెమిస్ట్రీ లెక్చరరు కృపానందాన్ని పట్టుకొచ్చాడు. లెక్చరరు గారికి కావలసిందల్లా ఊక. రైసుమిల్లుల దగ్గర దానికి కరువేముంది? ఊకని గాలాడకుండా కాల్చి, బొగ్గు చేసి, కడిగి, పెద్ద ఇటుకల తొట్టి నిండా కూరించాడు. పైనుంచి రంగునీళ్ళు పోస్తే బొగ్గులోంచి వడకట్టుకుని, అడుగు గొట్టం గుండా పక్కనున్న చిన్న గుంటలోకి ఊరతాయి. గుంట నిండితే కాలవలోకి పొర్లుతాయి. ఎవరూ కాలు జారి పడకుండా గుంట చుట్టూ పిట్టగోడ కట్టించారు.

"అంటే బొగ్గు రంగుని తాగేస్తుందాండీ?"

"తాగదండీ. ఒంటికి పూసుకుంటుంది. నీళ్ళని మాత్రం వదిలేస్తుంది."

తెల్లారేసరికి గుంటలో నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. ఆ వింత చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కళ్ళప్పగించి చూశారు. వెంకటకృష్ణారావు తల్లి సంపూర్ణమ్మ ఆనందం పట్టలేకపోయింది. "మావాడు నీళ్ళకే స్నానం చేయించాడమ్మా," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఇంతలో జీపు హారను వినిపించింది. జనమంతా గుంటని వదిలేసి వీధివైపు పరుగెత్తారు. ఆఫీసరు సంజీవరావుని కాఫీ, పలకరింపులు అన్నీ అయ్యాక పెరట్లోకి తీసుకొచ్చారు.

గుంట ఎర్రగా ఉంది.

"ఇవేనా మీ తెల్లనీళ్ళు?" అన్నాడు సంజీవరావు. బతిమాలితే ఇంకొక గడువిచ్చి వెళ్ళాడాయన. మధ్యాహ్నానికల్లా గుంట మళ్ళీ కొబ్బరినీళ్ళే.

వెంకటకృష్ణారావు అనుమానం పేరమ్మ మీదికి పోయింది. వెళ్ళి అడిగేశాడు కూడా.

"నేను రంగు పోసుకుని నా చేపలకి నేనే పెళ్ళిళ్ళు చేసుకుంటానా బాబూ? నీ షెడ్డు మూతపడాలని నాకేం సరదా కాదు. నా నీళ్ళు నాకిస్తే చాలు," అంది పేరమ్మ.

కృపానందం అనుమానం బొగ్గు మీదికి పోయింది. పాత బొగ్గు తోడించి కొత్తది పోయించాడు. ఆమ్లంతో కడిగించాడు. సన్నగా దంచి, జల్లించి, మళ్ళీ నింపించాడు. గడువు నాటి పొద్దున నీళ్ళు మరీ తేటగా దిగాయి. ఈసారి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి, ముక్కున వేలేసుకుని మరీ చూశారు. జీపొచ్చింది. జనం వీధిలోకి పరుగెత్తారు. ఆఫీసరు పెరట్లోకొచ్చాడు.

గుంట ఎర్రగా ఉంది.

"ఇంకొక్కసారి చూస్తాను. అంతే," అన్నాడు సంజీవరావు.

ఆ మాటతో షెడ్డులో పనివాళ్ళ మొహాలు పాలిపోయాయి. వాళ్ళందరి పొయ్యిలూ ఆ ఎరుపు మీదే వెలుగుతున్నాయి. కృపానందానికి కూడు సయించలేదు. పుస్తకాలన్నీ తిరగేశాడు. జీపు చప్పుడుకి బొగ్గు అదిరిపోయి రంగు వదిలేస్తోందేమో అని కూడా ఆలోచించాడు, పాపం. ఆ అదురు తగలకుండా తొట్టి కింద ఇసక పరిపించాడు.

మూడోసారి సంజీవరావు చెప్పాపెట్టకుండా వచ్చాడు. అందరూ భోజనాల వేళ. పెరట్లో పురుగు లేదు. జీపు అల్లంత దూరాన ఆపి, నడిచొచ్చి, నేరుగా గుంట దగ్గరికెళ్ళాడు.

అడుగున ఇటుకలు కూడా కనిపిస్తున్నాయి.

ఆయన పిట్టగోడ మీదికి వంగి అలా చూస్తూ ఉండిపోయాడు. పేరమ్మకి కబురెళ్ళింది. ఆమె దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూసి, "ఇప్పుడు నాకు పేచీ లేదండీ," అంది. వెంకటకృష్ణారావుకి ఏడుపొచ్చినంత పనైంది.

వీధి వసారాలో కుర్చీలు వేశారు. సంపూర్ణమ్మ కాఫీలు తెచ్చింది.

"ఎన్నో చోట్ల చూశానండీ. ఇంత తేట నీళ్ళు నా కళ్ళతో ఎక్కడా చూడలేదు. చూపు తిప్పుకోలేకపోయాను," అన్నాడు సంజీవరావు.

సంపూర్ణమ్మ గబగబా లోపలికెళ్ళిపోయింది.

"అంతా ఆ ఇసకలో ఉందండీ," అన్నాడు కృపానందం. ఈ సంగతి మీద వ్యాసం రాసి కాలేజీలో చదవాలని అప్పటికే అనుకుంటున్నాడు.

సంజీవరావు పర్మిషన్ కాగితం తీసి, పెన్ను మూత విప్పాడు. విప్పి, ప్యూనుని పిలిచాడు.

"ముందు ఒక సీసాడు నీళ్ళు పట్టుకురా. ఆఫీసులో చూపించి మరీ సంతకం పెడతాను."

ప్యూను సీసా పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి, ఊళ్ళోవాళ్ళ కళ్ళు పడిన ఆ రెండు రోజులూ చేసినట్టే, సంపూర్ణమ్మ పసుపూ సున్నం కలిపిన పళ్ళెంతో తొట్టికి దిష్టి తీసి, ఎవరూ తొక్కని చోటు గనక, ఆ ఎర్రనీళ్ళు పిట్టగోడ లోపలి గుంటలో పోస్తోంది.