ఈశాన్య దోషం

హాల్లో దూలం కింద గోడ బారెడు పొడుగున పగిలి ఉంది. హనుమంతరావు చూస్తుండగానే ఒక పెచ్చు ఊడి కాఫీ గ్లాసులో పడింది.

"కామేశ్వరీ! బయటికి రా!"

"నేను బయటే ఉన్నా," అంది భార్య వరండాలోంచి. వంటిల్లు ఇప్పుడు అక్కడే ఉంది. సిద్ధాంతి మార్చమన్నాడని పోయిన నెలే మార్చారు.

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసి కట్టుకున్న ఇల్లు. ఎన్నాళ్లయినా పై వాటా అద్దెకు పోలేదు. ఒకరోజు కంభం ఊరి సిద్ధాంతినంటూ ఒకాయన టులెట్ బోర్డు పక్కన ఆగి, "ఈ ఇంట్లో పైన ఎవరూ నిలవరే!" అన్నాడు. అంతే, హనుమంతరావు ఆయన చెప్పినట్టల్లా చేశాడు. పడమటి గోడ తీయించాడు. ఈశాన్యం మూల గొయ్యి తవ్వించాడు. హాలు నడుమ స్తంభం బ్రహ్మస్థానంలో శూలం అన్నాడని, దాన్నీ కోయించాడు.

"వాస్తు ఏం చేస్తది?" కామేశ్వరి దెప్పింది. "వచ్చినోళ్లందర్నీ మీరేమిట్లు, ఏం కులం, ఏం తింటారు అని తరిమితిరి. ఆ లెక్చరర్‌నైతే మొహం కూడా చూడకుండా, ఫోన్లో పేరు వినే వద్దంటిరి."

"వాడా! కొన్ని దేశాల్లో ఇట్ల చేస్తే కేసు పెడతారండీ అని నాకే చట్టాలు చెప్పినాడు. అయితే ఆ దేశాల్లోనే ఇల్లు చూస్కోపో అన్నా."

నవ్వబోయాడు. పైన ఏదో పటుక్కుమంది.

మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి లోపలికి అడుగు పెట్టకుండానే చెప్పాడు. "స్తంభం తీసినాక ఇంకేం మిగిల్చినారు సార్? ఈరోజే ఖాళీ చేయండి. ఇది కూల్చాల్సిందే."

సామాన్లు వీధిలోకి వస్తుండగా సిద్ధాంతి బండి ఆగింది. హనుమంతరావు పరుగున పోయి ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"స్వామీ, నా బతుకంతా ఈ ఇల్లే. మీరు చెప్పిందల్లా చేసినా. ఎందుకని ఒక్క మాట అడగలే. ఎట్లన్నా నిలబెట్టండి!"

సిద్ధాంతి కాళ్లు వెనక్కి తీసుకోలేదు. కిటికీలోంచి ఆ పగులును పైనుంచి కిందిదాకా తృప్తిగా చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా కిందికి వంగాడు.

"ఫోన్లో శ్యాంసన్ అనంగానే ఇల్లు లేదంటిరి, మీ మీద పెట్టేదానికి ఇక్కడ ఏ కేసూ దొరకలే సార్, అందుకే వాస్తు నేర్చుకున్నా."