నిజం పిల్లాడు

మూడేళ్ల చిన్మయి పుట్టినప్పటి నుంచీ మహమ్మారి కాలమే. దాని స్నేహితులంతా ఇంటి గోడలోంచి వెలుగుబొమ్మలుగా వచ్చి ఆడుకుని పోయేవారు. ముట్టుకోబోతే చెయ్యి అవతలికి పోయేది.

ఇవాళ అంగన్‌వాడీ మళ్లీ తెరిచారు. ఊపిరిని పరీక్షించే గడప జబ్బు లేదని పచ్చగా వెలిగినా, తల్లి హైమ పిల్ల చెయ్యి వదల్లేదు.

"ఇంకో నెల చూద్దామా, పైడమ్మా?" అని ఆయాను అడిగింది.

"నీ ఇష్టం తల్లీ. పంపితే కళ్లల్లో పెట్టుకుని సూసుకుంతాను."

ఇంతలో చిన్మయి చెయ్యి విడిపించుకుని లోపలికి పరుగెత్తింది, ఎదురుగా ఉన్న పిల్లాడిలోంచి అలవాటుగా దూసుకుపోదామని. ఢీకొని ఇద్దరూ కూలబడ్డారు. ఎవరూ ఏడవలేదు. చిన్మయి మెల్లగా వాడి బుగ్గ మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, ఈడు ఉన్నాడు," అంది.

హైమ పిల్ల మంచినీళ్ల సీసా తీసి పైడమ్మ చేతిలో పెట్టింది.