నలభై ఒకటో నంబరు దీపం

“తాళంచెవి ఇటియ్యి, లింగమూర్తీ!”

“ఇయ్య, సారూ. ఒక దీపం ఇంకా రాలే.”

గని నోట్లోంచి నల్లటి పొగ వస్తోంది. లోపల పంపు మోటారు దగ్గర వైరు అతుకు కాలి, పక్కనున్న కట్టె దిమ్మెలకు నిప్పంటుకుంది. గని నోటికున్న ఇనుప తలుపు మూసి గాలి ఆపితే మంట చస్తుంది. ఆలస్యమైతే బొగ్గే అంటుకుంటుంది. కానీ పొరపాటున ఎవరూ మూయకుండా ఆ తలుపును బార్లా తెరిచి, గొలుసుతో గోడకు కట్టి తాళం వేసి ఉంచుతారు. తాళంచెవి దీపాల గది చూసే లింగమూర్తి మొలలో ఉంది.

మేనేజరు లక్ష్మీరాజం గోడమీది బోర్డు చూశాడు. దిగేటప్పుడు ప్రతి కూలీ తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకుంటాడు. ఇప్పుడు బోర్డు మీద ఒక్క బిళ్ళే వేలాడుతోంది. నలభై ఒకటి.

“గది ముత్తయ్యది గదా? ముత్తయ్య గీడనే పండుకొని ఉన్నడు గదయ్యా!”

నిజమే. సగం దారిలో పొగకు పడిపోయిన ముత్తయ్యను ఇద్దరు మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. ఇంకా తెలివి రాలేదు. మేస్త్రీ హనుమంతు అతని మొహం మీద నీళ్ళు చల్లుతున్నాడు.

“మనిషొచ్చిండు. దీపం రాలే.”

“పడ్డకాడ ఊడిపోయి ఉంటది. మంట బొగ్గును పట్టుకుంటె మూడు వందల ఇండ్లల్ల పొయ్యి వెలగది. ఒక్క దీపం కోసం బొగ్గుబాయి మొత్తం కాలవెడ్తవా?”

“చేతిల పట్టుకునే పాత దీపాలు కావు, సారూ. గీ బ్యాటరీని పట్టీతోని నడుముకు కడ్తం. పడితె ఊడది, ఇప్పితెనే ఊడుతది. ముత్తయ్య నడుముకు పట్టీ లేదు. అంటె గది ఇంకొకని నడుముకున్నది.”

“ఎవని నడుముకు? అందరి బిళ్ళలు అందరికి వోయినయి గదా! నీ నౌకరి వోతది, సమజైతుందా?”

“పోనియ్యుండ్రి. నేనే పోయి చూసొస్త.” లింగమూర్తి తడిపిన తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు.

“నువ్వు వోతె నువ్వు గూడ పొగల పడ్తవు, ఆగు! హనుమంతూ, సుత్తె తే. తాళం పలగ్గొట్టు!”

హనుమంతు తల వంచుకున్నాడే గాని కదల్లేదు. లక్ష్మీరాజమే సుత్తె అందుకున్నాడు. మూడు దెబ్బలకు తాళం వంగింది. నాలుగో దెబ్బకు చెయ్యెత్తాడు.

అరుగు మీద ముత్తయ్య దగ్గాడు.

“ఎవలకిచ్చినవు రా దీపం?” హనుమంతు అతని మీదికి వంగాడు.

“సారుకు... ఆఫీసు దీపంతోని దిగిండు. గది ఆరిపోయింది. సారు చీకట్ల ఉంటె మంచిగుంటదా? నా పట్టీ ఇప్పి కట్టిన. కరెంటు తీసేసొస్తనని లోపటికి వోయిండు.”

“ఏ సారు?” లక్ష్మీరాజం సుత్తె ఎత్తిన చేత్తోనే వెనక్కి తిరిగాడు.

ముత్తయ్య కళ్ళు నులుముకుని ఆయన్ని పోల్చుకున్నాడు.

“మీ పెద్దబాబే, సారూ. బిళ్ళ లేకుంట ఎట్ల దిగినవు బాబూ అంటె, మేనేజరు కొడుక్కు బిళ్ళెందుకని నవ్విండు.”