కనక చేతి వంట

మైకు అందగానే సర్వేశ్వరరావు మేష్టారు చెప్పులు విప్పి, వేదిక చెక్కలను రెండు కాళ్లతోనూ దబదబా తొక్కి చూపించాడు.

"తిమ్మిర్లున్నాయా? వణుకుందా? ఐదేళ్లయింది. మాంసం ముట్టలేదు, గుడ్డు ముట్టలేదు, చేప వాసన చూడలేదు. పాలంటారా, అవి దూడవని మా తాతల నాడే ఒగ్గేశాం. ఒక్క మాత్ర కావాలని అడిగినోణ్ణి కాదు. ఏటయింది నాకు?"

అరకు దగ్గర డుంబ్రిగుడలో చిరుధాన్యాల మేళాకు వచ్చిన జనం చప్పట్లు కొట్టారు. ఆశ్రమ పాఠశాలలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మైకు దొరికితే ఆగుతాడా?

మొదటి వరసలో కూర్చున్న ఆయన భార్య కనక మాత్రం చప్పట్లు కొట్టలేదు. అంబలి కాచింది తను. పచ్చడి నూరింది తను. ఇలాంటి తిండి తప్ప ముట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్న రోజు నుంచి వంటింట్లో తల బద్దలు కొట్టుకున్నదీ తనే. దండలు మాత్రం ఆయనకి. సొమ్మొకడిది, సోకొకడిదని ఊరికే అన్నారా.

వేదిక మీద ఇంకో కుర్చీలో డాక్టర్ డాలీ కూర్చుని ఉంది. ఆమె మొదటి నుంచీ ఒకటే మాట. ఆకులు తినండి, దుంపలు తినండి, రాగులన్నా చోళ్లన్నా అవే, తినండి, అన్నీ మంచివే, కానీ బి పన్నెండు అనే విటమిన్ వాటిలో దొరకదు, అది తగ్గితే కాళ్లకు తిమ్మిర్లూ వణుకూ వస్తాయి, మాంసం, గుడ్లు, పాలు మానేసినవాళ్లు మాత్ర వేసుకోవాల్సిందే. ఆ మాట కొండ మొత్తాన్నీ తిట్టినట్టు తోచింది మేష్టారికి. కిందటి నెల పందెం కట్టాడు. "నా రక్తం తియ్యండి. తక్కువుంటే మీ మాత్ర మింగుతాను. సరిపడా ఉంటే మైకులో ఒప్పుకోవాల."

రిపోర్టు నిన్న వచ్చింది.

డాక్టరమ్మ మాట తప్పే మనిషి కాదు. లేచి మైకు అందుకుంది. "మేష్టారి రక్తంలో బి పన్నెండు కావలసినంత ఉంది. ఎలా ఉందో నాకైతే అర్థం కావడం లేదు," అంది.

ఈలలు, డప్పులు. కనక అవేవీ పట్టించుకోలేదు. ఆమె చూపంతా వెన్నెల మీదే ఉంది.

వెన్నెల పక్కింటి మంగ్లు పెళ్లాం. ఐదో నెల కడుపుతో ఉంది. మేష్టారి మాటలు విని ఏడాది కిందట ఆ పిల్ల కూడా అన్నీ మానేసింది. ఈ మాత్రలు ఆపితే పుట్టే బిడ్డ నరాలు దెబ్బతింటాయని డాక్టరమ్మ గట్టిగా చెప్పి ఇచ్చిన పొట్లం ఇప్పుడు ఆమె ఒళ్లో ఉంది. పొద్దున జీపులో వస్తూ చెప్పనే చెప్పింది. "మేష్టారు గెలిస్తే ఇవి గెడ్డ నీళ్లలో పారేత్తాను పెద్దమ్మా. ఆయనకి అక్కర్నేనిది నాకెందుకు?"

అప్పటి నుంచి కనకకు ముద్ద దిగలేదు.

డాక్టరమ్మ వేదిక దిగి కనక దగ్గరికే వచ్చింది. "అమ్మా, మీరేం వండి పెడుతున్నారో రాసివ్వండి. అచ్చు వేయించి అన్ని ఊళ్లకూ పంచుతాం. నిజం చెప్పొద్దూ, తిండితోనే ఇంత వచ్చిందంటే నమ్మలేకపోతున్నాను."

కనకకు చుర్రుమంది. "నా సేతి ముద్ద తిన్నోళ్లకి ఏటి తక్కువవుద్ది డాక్టరమ్మా? ఐదేళ్లు సాకినాను. ఒక్క వారం కూడా తప్పనేదు."

"నేను చెప్తాను, రాసుకోండి," అని వేదిక పైనుంచి మేష్టారు అందుకున్నాడు.

"మీకేటి తెలుసని సెప్తారు? ఏనాడైనా పొయ్యి కాడికొచ్చినారా? నానే రాత్తాను. కాయితం ఇలా తెండి."

జనం గొల్లున నవ్వారు. ముప్పై ఐదేళ్ల కాపురంలో కనక నలుగురిలో ఆయన మాటకు అడ్డుపడటం ఇదే మొదలు. ఆయన మొహం ముడుచుకుంది. ముడుచుకోనీ, అనుకుంది కనక.

ఆమె పుట్టింటివైపు ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఇంకొకరికి విత్తనం ఇస్తే ఎలా జల్లాలో, ఎప్పుడు కలుపు తియ్యాలో అంతా చెప్పి మరీ ఇవ్వాలి. మాట దాచి ఇచ్చిన విత్తనం మొలవదంటారు. వంట మాత్రం వేరా? ఎనిమిదో తరగతి చదువుతో, మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం గట్టిగా ఒత్తి రాసింది. ఇంటికెళ్లాక ఆయన ఏమైనా అననీ. వారం మాట్లాడకపోతే మాట్లాడకపోనీ.

మేళా నడిపిస్తున్న భాను చేతికి కాగితం ఇచ్చింది. "మైకులో సదువమ్మా. అందరూ యినాల."

భాను చదవసాగింది. "పొద్దున పులిసిన చోడి అంబలి, గుమ్మడి చిగుళ్ల కూర. మధ్యాహ్నం సామల అన్నం, రాజ్మా పులుసు. రాత్రి ఉడికించిన కంద, వలిసె గింజల పచ్చడి."

ఒక్కో వంటకానికీ మేష్టారు గర్వంగా తల ఊపుతున్నాడు. "అదీ, కొండ తిండంటే," అన్నాడు. వెన్నెల పొట్లం గుప్పిట్లో బిగించి గెడ్డ వైపు వెళ్లడానికి లేచింది.

భాను చప్పున ఆగిపోయింది. కాగితం వంకా, కనక వంకా చూసింది.

"ఆగిపోనావేటి? బేగి సదువు," అంది కనక. "ఎన్నెలా, నువ్వు కూకో. ఇది యినేసి ఎల్లు."

భాను గొంతు సవరించుకుని ఆఖరి వరుస చదివింది.

"ప్రతి ఆదివారం ఆ పచ్చడిలో, అరకు మందుల షాపులో కొన్న బి పన్నెండు బిళ్ల ఒకటి మెత్తగా నూరి కలపాలి, ఐదేళ్లుగా నేను కలుపుతున్నాను, మేష్టారికి తెలియనివ్వకూడదు."