హాంబర్గ్‌కు వెళ్ళని పసుపు

"తప్పు," అంది పద్మశ్రీ మేడం, రికార్డు మూసి బల్ల మీద ఇవతలికి తోస్తూ.

శశిభూషణ్ నిలబడే ఉన్నాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమని ఆమె అనలేదు.

"ఎక్కడ మేడం?"

"ఇన్‌వాయిస్‌లో రెండు వందల బస్తాలు. ప్యాకింగ్ లిస్టులో రెండు వందల పెట్టెలు. ఇంతకీ మీ పసుపు బస్తాల్లో పోతుందా, పెట్టెల్లో పోతుందా?"

ఆమె విద్యార్థులందరినీ 'మీరు' అనే అంటుంది. ఇతనితో అన్నప్పుడు మాత్రం ఆ మర్యాద చురుక్కుమంటుంది.

బీబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ ఫైనలియర్ వాళ్ళంతా పరీక్షలకు ముందు ఒక రికార్డు ఇవ్వాలి. లేని సరుకును ఉన్నట్టు ఊహించుకుని, దాన్ని విదేశానికి పంపడానికి కావలసిన కాగితాలన్నీ తయారు చెయ్యాలి. శశిభూషణ్ నిజామాబాద్ పసుపును హాంబర్గ్ రేవుకు పంపుతున్నాడు. కాగితాల మీదే లెండి. మేడం సంతకం పెడితేనే హాల్‌టికెట్ ఇస్తారు. ఈ రోజు సాయంత్రం ఐదింటికి గడువు. క్లాసులో నలభై రెండు మందికి సంతకాలు అయిపోయాయి. మిగిలింది ఇతనొక్కడే. సంతకం పడకపోతే ఏడాది గోవిందా.

సోమవారం తెచ్చినప్పుడు ఓడ కదిలిన మర్నాటి తేదీతో ఇన్సూరెన్స్ ఉందని తిప్పి పంపింది. బుధవారం ఒక పేజీ మీద ముద్ర లేదని పంపింది. ఇవాళ బస్తాలూ పెట్టెలూ.

లిఫ్టు పాడై నెల దాటింది. శశిభూషణ్ బ్యాగు వీపుకు తగిలించుకుని రెండంతస్తులు దిగాడు. క్యాంపస్ దాటి ఎండలో తార్నాక దాకా నడిచాడు, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోవడానికి.

మేడంకి ఇతని మీద కక్ష అని క్లాసులో అందరికీ తెలుసు. ఎందుకో కూడా తమకు తెలుసనే అనుకుంటారు. మొదటి సెమిస్టరులో ఒకరోజు, కొన్నవాడి తరఫున డబ్బు కడతానని బ్యాంకు రాసిచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ ఎలా పనిచేస్తుందని ఆమె అడిగింది. "బ్యాంకు సరుకు చూడదు మేడం, కాగితాలే చూస్తుంది. ఎక్కడ తేడా వచ్చినా వెనక్కి పంపేస్తుంది," అని మొదటి బెంచీలోంచి టక్కున చెప్పాడు శశిభూషణ్. ఆమె చేతిలో మార్కర్ ఆగిపోయింది. పేరు అడిగింది. ఇంటిపేరు కూడా అడిగింది. ఆ తర్వాత మూడేళ్ళలో అతని వైపు చూసి ఒక్కసారి నవ్వలేదు.

కుళ్ళు అని తేల్చేశారు క్లాసువాళ్ళు. పాపం, ఈ కోర్సు చెప్పే మేడం ఈ కోర్సు చదవలేదు. దూరవిద్యలో బీకాం కట్టి, అక్కడినుంచి ఒక్కో మెట్టూ ఎక్కి ఇక్కడికి వచ్చింది. జవాబు తనకన్నా బాగా చెప్పినవాడిని చూస్తే ఒళ్ళు మండదా మరి!

శశిభూషణ్ అటు వెళ్ళగానే స్వరూప స్టాఫ్ రూంలోకి వచ్చింది. లాలాపేట్ పిల్ల, క్లాసు లీడరు, భయం తక్కువ.

"మేడం, శశి భాయ్‌ని గింత సతాయించుడేంది?" క్లాసంతా అతన్ని అలాగే పిలుస్తుంది. అలా పిలవమని అతనే అడిగాడు. "నా రికార్డుల గంతకన్న పెద్ద తప్పులున్నయి. మీరే పెన్సిల్‌తోని దిద్ది సంతకం చేసిన్రు."

"మీది అయిపోయింది కద స్వరూపా. ఇంటికి పోండి."

"ఇంట్లోళ్ళందరు వద్దన్నా పట్టువట్టి ఈ కోర్సుల చేరిండట మేడం. ఇప్పుడు ఫెయిలైతే ఇంట్ల తలెత్తుకోలేడు."

"మంచిదే," అంది పద్మశ్రీ.

స్వరూప వెనక్కి తిరిగి బయటికి నడిచింది. అంత మాట వస్తుందని అనుకోలేదు.

నిజానికి పద్మశ్రీకి హాయిగా ఉంది. ఇంత హాయి తన బతుకులో ఎప్పుడూ ఎరగదు. ఈ వారం రోజులుగా అన్నం కూడా రుచిగా ఉంటోంది. అతను వగరుస్తూ మెట్లెక్కే చప్పుడు వినడానికే గది తలుపు తెరిచి పెట్టుకుంటోంది.

నాలుగున్నరకు ఆ చప్పుడు వినిపించింది.

చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. రికార్డు బల్ల మీద పెట్టి, ఊపిరి కూడదీసుకోవడానికి గోడ పట్టుకున్నాడు శశిభూషణ్. ఆమె స్కేలు పెట్టుకుని వరసవరసా చూసింది. బస్తాలు సరిపోయాయి. తేదీలు సరిపోయాయి. ముద్రలు ఉన్నాయి. అతని మొహంలో కాస్త వెలుగు వచ్చింది. ఆమె వేలు తడి చేసుకుని చివరి కాగితాలు లెక్కపెట్టింది.

"ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ అసలు ప్రతులు మూడుండాలి. ఇక్కడ రెండే ఉన్నాయి."

అతను బ్యాగంతా బల్ల మీద కుమ్మరించాడు. వెతికాడు. లేదు.

"షాపులోనే వదిలేసినట్టున్నాను మేడం. ఇప్పుడు వెళ్ళొచ్చేసరికి ఐదు దాటిపోతుంది."

"దాటుతుంది."

"రేపు పొద్దున్నే తెచ్చిస్తాను. ఈ ఒక్క సంతకం పెట్టండి."

"గడువు ఈ రోజు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అందరివీ చూసీచూడనట్టు పోనిచ్చారు. నన్నే ఎందుకిలా తిప్పుతున్నారు మేడం? మీకు నేనేం అపకారం చేశాను?"

పద్మశ్రీ పెన్నుకు క్యాప్ పెట్టింది. లేచి నిలబడింది. మూడేళ్ళలో మొదటిసారి అతనితో తన ఇంటి యాసలో మాట్లాడింది.

"ఇరవై ఏండ్ల కింద నాకు ఇదే కోర్సుల సీటొస్తే, లోన్ కాగితాలల్ల తప్పులు వట్టి, ఆఖరి తారీఖు దాటేదాక మా నాయినను తార్నాకల మీ బ్యాంకు చుట్టు తిప్పిన మేనేజర్ మీరే కద సార్!"