చరిత్రలో రేపు

"మళ్లీ వచ్చావా?"

విశేషాల సారు తల కూడా ఎత్తలేదు. పత్రికలో రోజూ వచ్చే 'చరిత్రలో ఈ రోజు' రాసేది ఆయనే. ఏ తేదీన ఏ రాజు పుట్టాడో, ఏ వంతెన తెరిచారో, ఏ వింత జరిగిందో ఆయన చెబితేనే జనానికి తెలిసేది. ఆయన పుట్టినరోజు మాత్రం సొంత ఇంట్లోనే ఎవరికీ గుర్తుండదని ఆఫీసంతా చెప్పుకుని నవ్వుకునేవారు.

ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మెట్లెక్కిన ఆయాసం ఒకటి, నెత్తిమీద టకటకలాడే ఆ ఫ్యాను ఇవాళే ఊడి పడుతుందేమోనన్న భయం ఒకటి. గోడవారగా జరిగి నిలబడింది.

"రేపటి దాంట్లో... ఆ పడవ సంగతి వేస్తున్నారా సార్?"

"వెయ్యం."

ఏటా ఇదే తంతు. జనంతో కిక్కిరిసిన పడవ ఒకటి నది మధ్యలో మునిగిపోయిన తేదీ రేపు. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆ పడవలోనే ఉన్నాడు. మొదటి ఏడు ఆమె వచ్చి ఇంకా మాట పూర్తి చేయకముందే సారు 'వెయ్యం' అని కసిరాడు. అప్పట్నుంచీ ముందురోజు ఆమె రావడం, ఆయన ఛీకొట్టడం, ఆమె దండం పెట్టి వెళ్లడం అలవాటైపోయింది.

"చూడమ్మా, పడవలన్నాక మునుగుతాయి. మునిగిన ప్రతిదీ చరిత్రయిపోదు. నీలాగే ప్రతి ఒక్కరూ వచ్చి ఏడిస్తే, నా శీర్షిక పేరు మార్చి శ్మశానం అని పెట్టుకోవాలి."

"మరి రేపటికి ఏం రాశారు సార్?"

ఎవరైనా అడిగితే ఆయనకు ప్రాణం లేచివస్తుంది. కాగితం ఎత్తి గొంతు సవరించుకున్నాడు.

"ఒక చక్రవర్తి పెంపుడు కుక్క పుట్టినరోజు. మీట నొక్కితే తెరుచుకునే గొడుగు మొదటిసారి అమ్మకానికి వచ్చిన రోజు. ఇవీ విశేషాలంటే!"

కుక్క పుట్టినరోజట! జుట్టుకు వేసిన రంగు చెవి మీదికి కారితే తుడుచుకోవడం తెలియదు గానీ, కుక్కల జాతకాలు తెలుసు ఈ పెద్దమనిషికి, అనుకుందామె. పైకి మాత్రం "బాగున్నాయి సార్" అంది.

ఇంతలో బల్లమీద ఫోను మోగింది.

"ఏంటమ్మాయ్? ఇవాళ కూడా బడి వ్యాను రాలేదా? ఎన్నాళ్లే ఆ డ్రైవరు వెధవకి జ్వరం? సరే, రేపు కూడా రాకపోతే పిల్లాణ్ణి నువ్వే దింపు. నాకు పనుంది." ఫోను పెట్టేశాడు. "మనవడు. వీళ్ల గోల ఒకటి నా ప్రాణానికి!"

పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి అప్పటిదాకా పళ్లు బిగపట్టి వింటోంది. ఇక ఆగలేకపోయింది.

"సార్, ఆ గొడుగు తీసేస్తే పడవకి జాగా సరిపోతుంది. పాత పేపర్లో ఫొటోలు కూడా ఉన్నాయి. పడవ నడిపినతనిది అయితే ఎంత స్పష్టంగా ఉందో! పాపం, అతని శవం దొరకనే లేదట."

ఆమె గోడ వదిలి గబగబా బల్ల దగ్గరికి వచ్చింది.

"వద్దమ్మా. నా మూలంగా నువ్వు మాటలు పడకు."

"మీరుండండి పిన్నిగారూ. ఇన్నేళ్లుగా అడుగుతున్నారు, కాస్తయినా జాలి ఉండొద్దూ?" అమ్మాయి పాత పేపరు తెచ్చి పరిచింది. "ఇందులో మీవాడెవరో చూపించండి."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. "నేను చూడలేను తల్లీ."

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. సారు మాత్రం పేపరు లాక్కుని కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"వీడా? పట్టనంతమందిని కుక్కి, అందర్నీ ముంచి, తనూ పోయిన వెధవ. వీడి మొహం నా గొడుగు స్థానంలో వెయ్యాలా?"

"పోయినవాళ్లని అనకండి సార్," అంది అమ్మాయి.

"పోతే గొప్పవాడైపోతాడా?" పేపరు మడిచి సొరుగులో పడేసి ఠపీమని మూశాడు. "అమ్మాయ్, అంత జాలిగుండె అయితే అనాథాశ్రమంలో ఉద్యోగం చూసుకో. నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం ఆ పడవ ఊసు ఈ పేపర్లో రాదు. సరేనా?"

"ఖాయమేనా సార్?" ఆమె కళ్లు తెరిచి అడిగింది.

"స్టాంపు కాగితం మీద రాసివ్వమంటావా?"

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఇంత తిట్టినా దండం పెట్టే మనిషిని చూస్తే ఆయనకు ఇంకా రోత.

"మీరు చల్లగా ఉండాలి సార్. రేపు వ్యాను కూడా వస్తుందిలెండి."

"ఆఁ, నీకు చెప్పాడు మరి! వెళ్లు, వెళ్లు."

అమ్మాయి మెట్లదాకా వెంట వచ్చింది. "బాధపడకండి పిన్నిగారూ. ఈయన రిటైరైతే ఆ శీర్షిక నాకే ఇస్తారు. మొట్టమొదట మీ పడవ సంగతే వేస్తాను, ఒట్టు."

"ఎప్పుడమ్మా రిటైరయ్యేది?"

"వచ్చే వేసవికి."

ఆమె మొహం పాలిపోయింది. "అంత త్వరగానా?" అని గొణిగి, మెట్టు మెట్టుకూ గోడ పట్టుకుంటూ దిగింది. జారిపడితే ఇంట్లో చూసుకునే దిక్కెవరు? రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసి, మళ్లీ అటూ ఇటూ చూసింది. వచ్చే ఏటి భయం వచ్చే ఏటికి. ఈ ఏడు గండం గడిచింది.

ఇంటికి చేరి, తలుపు గడియ పెట్టి, ఒకసారి లాగి చూసుకుని, వీధిలో అందరి ముందూ తనను 'అత్తా' అని పిలిచే కొడుకు తల నిమురుతూ, "ఈ ఏడు కూడా నీ ఫొటో వెయ్యరట నాన్నా, రేపు ధైర్యంగా బడి వ్యాను తియ్యి" అంది.