పక్కవాడి కాగితం

పిల్లలంతా ఎవరింట్లో వాళ్లు యంత్రం దగ్గరే చదువుకునే రోజులవి. రేపటి బడిని ఊహించే వర్క్‌షాపు నడిపే సునందిని, విద్యానిపుణుల చెవుల్లోని సలహా యంత్రాలను చెప్పుల్లాగా గుమ్మం బయటే విడిచిపెట్టించింది. ఈసారీ కొత్త ఊహ రాకపోతే వర్క్‌షాపు ఎత్తేస్తారు.

రేపటి బడి బొమ్మ వెయ్యమంటే, రంగు పెన్సిళ్లు పట్టుకుని నిపుణులంతా పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి మాజీ వైస్‌చాన్సలర్ విరూపాక్షయ్య తన కాగితానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మేడమ్, ఈయన నాది చూసి వేస్తున్నాడండీ!"

"కిటికీ ఎలా వేశారో చూశానంతే, దానికే ఇంత రాద్ధాంతమా!" అన్నాడు పక్కాయన.

సునందిని ఎగిరి గంతేసింది. "పక్కన ఇంకొకరు ఉండటం! ఇదేనండీ కొత్త ఊహ!"

ప్రభుత్వం ఒప్పుకుంది. మరుసటి ఏడే పిల్లలను పక్కపక్కన కూర్చోబెట్టి 'పక్కచూపు' అనే పాఠం మొదలుపెట్టారు. సిలబస్ వేశారు, పరీక్షా పెట్టారు. ప్రశ్నపత్రం మీద మొదటి సూచన: పక్కవాళ్ల పేపరు చూడరాదు.